గాలి ఒక్కరికా, ఇద్దరికా?

టైరు మార్చిన ప్రతిసారీ టైర్లక్క అడిగే ప్రశ్న ఒకటుంది. “గాలి ఒక్కరికా, ఇద్దరికా?”

వినడానికి చిన్న ప్రశ్నే. కానీ బరువైన మోటారు సైకిలుకి అదే పెద్ద ప్రశ్న. వెనక ఇంకో మనిషి కూర్చుంటే వెనక చక్రంలో గాలి గట్టిగా ఉండాలి, లేకపోతే టైరు కుంగి బండి ఊగుతుంది. పోనీ అంత గట్టి గాలితో ఒక్కడే వెళ్లాడనుకోండి, టైరు రాయిలా బిగుసుకుని గతుకు గతుక్కీ గెంతుతుంది, తడి రోడ్డు మీద జారుతుంది. అందుకని అడిగి తీరాలి.

లిఫ్టాయన మాత్రం ఆమెని ఆ ప్రశ్న ఎప్పుడూ పూర్తి చెయ్యనివ్వడు. “ఇద్దరికే అక్కా! మా బావ లేకుండా నేను గుమ్మం దాటనని నీకు తెలీదూ?” అంటాడు.

ఆ బావని టైర్లక్క షాపులో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

లిఫ్టాయన పని పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచెయ్యడం. పొద్దస్తమానం ఇరుకు గోతిలో, ఇనప తాళ్ల మధ్య, టార్చి నోట్లో కరుచుకుని పనిచేస్తాడు. తలుపు అవతల జనం విసుక్కోవడం వినపడుతుంది గానీ మొహాలు కనపడవు. నోట్లో టార్చి ఉన్నవాడు ఏం మాట్లాడతాడు? ఆ మాటలన్నీ పోగేసుకుని సెలవు రోజున టైర్ల షాపుకి తెచ్చి గుమ్మరిస్తాడు.

ఆ వేళ కూడా దున్నపోతంత బండిని తెచ్చి షాపు ముందు నిలబెట్టాడు. పాత టైర్లు పేర్చి పైన చెక్క వేసిన బల్ల మీద, పంచరు కోసం ఆగిన వ్యాను డ్రైవరు కూర్చున్నాడు. పక్క కొట్లో దర్జీ బాబాయి మెళ్లో టేపుతోనే వచ్చి, బండి వెనక చక్రం పక్కన పీట వేసుకున్నాడు.

“అక్కా, ఈసారి బటన్ టైర్లు వెయ్యి. ఉన్నవాట్లో బాగా పెద్ద బటన్లవి,” అన్నాడు లిఫ్టాయన.

టైర్లు ముఖ్యంగా మూడు రకాలు. నున్నటివి తారు రోడ్డుకి. రబ్బరు ముక్కలు ఎడం ఎడంగా, ఎత్తుగా లేచి ఉండేవి బటన్ టైర్లు, అవి బురదకీ రాళ్లకీ. రెండింటికీ మధ్యలో సగం సగం రకం ఒకటుంది. ఏది కావాలో తేలాలంటే పాత టైరుని చూస్తే చాలు. టైర్లక్క వంగి చూసింది. మధ్యలో బల్లపరుపుగా అరిగిపోయింది. అంచులు మాత్రం కొన్ననాటి మాదిరే ఉన్నాయి. తిన్నటి తారు రోడ్డు మీద వెళ్లి, అదే రోడ్డున తిరిగి వచ్చిన టైరు అది.

“సగం సగం రకం చాలు తమ్ముడూ. బటన్లు తారు మీద ఊళపెడతాయి, వానలో జారతాయి. ఈ బండి పడితే ఒక్కడి వల్ల లేవదు.”

“ఒక్కణ్ణెందుకవుతాను, బావ ఉన్నాడుగా! అయినా సగం రకం మా కొండకి ఆనుతుందా? పోయినసారి ఏమైందో చెప్తే నువ్వే బటన్లు వేసిస్తావు. తారు రోడ్డు అయిపోయి మట్టి మొదలైంది, మట్టి అయిపోయి ఇసుక మొదలైంది, ఇసుకంటే పిల్లలాడుకునే ఇసుక కాదు బాబాయ్, మోకాలి లోతు, ముందు చక్రం కాస్త అటూ ఇటూ అందో లేదో బండి ధబ్బున పక్కకి పడింది. బావ అటు, నేనిటు, పట్టు పట్టు అనుకుంటూ లేపి నిలబెట్టాం. బావ నా చొక్కా మీద ఇసుక దులిపి ‘దెబ్బ తగిలిందా?’ అన్నాడు. లేదన్నాను. అక్కడిదాకా మామూలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్తేగా తెలిసేది,” అన్నాడు వ్యాను డ్రైవరు.

“టైర్లలో గాలి తగ్గించాను. గాలి తగ్గిస్తే టైరు ఒంటె పాదంలా పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడదు. అవునా అక్కా?”

“అవును,” అంది టైర్లక్క. అంతవరకూ నిజమే.

“కాస్త ఎక్కువే తగ్గించానేమో, పరుచుకుని పరుచుకుని చాపంత అయింది. ఎదురుగా ఏరు. దిగి లోతు చూద్దామనుకునేలోగా బండి నీళ్ల మీద తేలిపోయింది! నేను హ్యాండిలు తిప్పుతుంటే పడవలా పోతోంది. బావ వెనక కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టి ‘చల్లగా ఉన్నాయి బావా’ అంటాడు.”

“తడవలేదా మీరు?”

“బావ ప్యాంటు అంచు తడిసింది బాబాయ్. ఊరికే అబద్ధమెందుకు చెప్పాలి?”

బల్ల మీద నవ్వులు. టైర్లక్క కూడా రెంచి తిప్పుతూనే నవ్వింది. ఆమె ఇంట్లో సాయంత్రాలు గోడ గడియారం తప్ప ఇంకేదీ మాట్లాడదు. ఈ కోతలు వారానికి సరిపడా ఆమె వెంట ఇంటికి వెళ్తాయి.

“ఏరు దాటితే కొండ, మా లిఫ్టు గోతిలా నిటారుగా ఉంది. టైర్లలో మళ్లీ గాలి నింపాను—”

“దేంతో గురూ? పంపు తీసుకెళ్లావా?”

“పంపెందుకు, లోయలో అంత గాలి వీస్తుంటే? టైరు వాల్వు మూత తీసి ఎదురుగా పట్టాను, నిండిపోయింది. ఇక యాక్సిలరేటరు తిప్పానా, బటన్లు కొండని కరుచుకున్నాయి చూడు, ఎంత గట్టిగా అంటే, బండి ఉన్నచోటే ఉంది, కొండే చక్రాల కిందనుంచి వెనక్కి జరిగిపోతోంది! మేము శిఖరానికి వెళ్లలేదు, శిఖరమే మా దగ్గరికొచ్చింది.”

“అయితే ఆ కొండ ఇప్పుడెక్కడుంది?” అన్నాడు దర్జీ బాబాయి.

“వచ్చేటప్పుడు వెనక్కి తిప్పి దాని చోట దాన్ని పెట్టేసే వచ్చాం. ఆ చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బంది కదా పాపం! ఇదంతా ఓ లెక్కా, శిఖరం పక్కనే ఓ మబ్బు ఆగి ఉంది. లిఫ్టు వచ్చి అంతస్తులో ఆగినట్టు, గడపకి సరిగ్గా సమానంగా. ఎక్కించేశాను. మొన్న వాన పడిందే, చినుకులు గుండ్రంగా పడ్డాయా, నలుచదరంగా పడ్డాయా?”

“నేను చూడలేదే!” అన్నాడు డ్రైవరు.

“చూడాల్సింది. మా బటన్లు తొక్కిన మబ్బే అది. ఒక్కో చినుకూ నలుచదరం.”

“అందుకేనా నా కొట్టు రేకుల మీద అంత చప్పుడు!” అన్నాడు బాబాయి.

“మరి ఆ బటన్లేవీ? ఈ టైరు మధ్యలో నా గుండులా నున్నగా ఉందే!” అన్నాడు డ్రైవరు.

“పైనే రాలిపోయాయి. జనం చూసి నక్షత్రాలనుకుంటున్నారు.”

డ్రైవరు తొడ చరుచుకున్నాడు. “అది సరే, మబ్బు మీద ఏం చేశారు?”

ఇంకా పెద్ద కోత కోస్తాడని అందరూ ఎదురుచూశారు. లిఫ్టాయన గొంతు తగ్గింది.

“ఏం లేదు. బండి స్టాండు వేసి ఫ్లాస్కులో టీ తాగాం. మూత ఒక్కటే కదా, ముందు బావ తాగి నాకిచ్చాడు. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. కాసేపయ్యాక ‘ఇంటికెళ్దామా’ అన్నాడు. సరే అన్నాను.”

టైర్లక్క చేతిలో రెంచి ఆగింది. కొండ కదిలిన సంగతి అంత గట్టిగా చెప్పినవాడు, టీ తాగిన సంగతి ఎవరూ లాక్కోకుండా దాచుకుంటున్నట్టు చెప్పాడు.

బాబాయి అది గమనించలేదు. కూర్చున్నచోటు నుంచి వెనక సీటు కింద మడిచి ఉన్న ఫుట్‌రెస్టుని వేలితో కిందికి లాగాడు. ప్లాస్టిక్ కవరు గరగరలాడి ఓ పక్క చిరిగింది.

“అబ్బాయ్, కొండ జరిగిందన్నావు, నమ్మాను. చినుకులు నలుచదరమన్నావు, సరేనన్నాను. కానీ మీ బావ కాళ్లెక్కడ పెట్టుకున్నాడయ్యా? కంపెనీవాళ్లు తొడిగిన కవరు ఇంకా ఊడనే లేదు!”

వద్దన్నట్టు టైర్లక్క చేసిన సైగ అతను చూసేసరికే మాట దాటిపోయింది. ఆ కవరు ఆమెకి మొదటిసారి టైరు మార్చిన రోజే కనపడింది.

డ్రైవరు పగలబడి నవ్వాడు. ‘మా బావ కాళ్లు మడిచి మఠం వేసుకుంటాడు’ అనైనా అంటాడేమోనని లిఫ్టాయనకేసి చూశారు. అతను ఆ కవరుకేసే చూస్తున్నాడు. డ్రైవరు నవ్వు దానంతటదే ఆగిపోయింది.

“మరి ఇసుకలో పడినప్పుడు బండి ఎవరు లేపారు?” అన్నాడు బాబాయి, ఈసారి నెమ్మదిగా.

“ఎవరూ లేపలేదు బాబాయ్. ఎవరో ట్రాక్టరాయన వచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నాను.” బండి సీటు మీద లేని దుమ్ము దులిపాడు. “బావ వస్తాననే అన్నాడు. ఆయన కోసమే వెనక పెద్ద సీటున్న బండి చూసి కొన్నాను. వచ్చే వారం అంటాడు. మళ్లీ వచ్చే వారం అంటాడు. పిల్లలు, ఉద్యోగం... ఆయన తప్పేం లేదులే.”

బాబాయి మెళ్లో టేపు తీసి చుట్టుకుంటూ కూర్చున్నాడు. చుట్టడం అయిపోయాక విప్పి మళ్లీ చుట్టాడు.

టైర్లక్క సగం సగం రకం టైర్లే దింపి బిగించింది. లిఫ్టాయన వద్దనలేదు. గాలి గొట్టం చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ అడగబోయి ఆగిపోయింది.

“ఒక్కరికే పెట్టు అక్కా,” అన్నాడతనే.

“ఎప్పుడూ ఒక్కరికే పెడుతున్నాను తమ్ముడూ.”

లిఫ్టాయన తలెత్తి ఆమెకేసి చూశాడు. గాలి బుస్సుమంటూ టైర్లోకి ఎక్కుతోంది.

“మరి ప్రతిసారీ అడుగుతావెందుకు?”

ఆమె మీటరు మీంచి కళ్లు తియ్యలేదు. “అడక్కపోతే నువ్వు బావ సంగతులు చెప్పవుగా.”

అతను వాల్వు మూత తనే బిగించి, హెల్మెట్ పెట్టుకుని, బండి స్టార్ట్ చేశాడు. కొత్త టైర్లు కదా, మలుపు దాకా మెల్లగా పోనిచ్చాడు.

బాబాయి లాగిన ఫుట్‌రెస్టు, ఎవరి కాళ్ల కోసమో అన్నట్టు, అలాగే కిందికి దిగి ఉంది. చిరిగిన కవరు గాలికి రెపరెపలాడుతోంది. దాన్ని మడిచి వెళ్లమని కేకేద్దామని టైర్లక్క రెండడుగులు రోడ్డు మీదికి వచ్చింది. వచ్చి, కేకెయ్యకుండానే నిలబడింది.