షోకేసులో సున్నపురాయి

కూర్చోమనకండి బావగారూ, కూర్చోడానికి రాలేదు. ముందు ఆ షోకేసు తలుపు తియ్యండి. బొమ్మలు నాకెందుకు? ఆ రాయి కావాలి. అదే, ఎర్ర మఖమలు గుడ్డ మీద మహారాణిలా కూర్చుందే, అది!

నవ్వుతారేంటి? సముద్రం అడుగున మనం తవ్విన చమురు బావిలోంచి పైకి తీసిన రాయండీ అది! దానికోసం గోడౌనంతా జల్లెడ పట్టాను. రాళ్ల పెట్టెలో దాని చోటు బోసిగా కనిపిస్తే, నా కింద పనిచేసేవాళ్లని నానా మాటలూ అన్నాను. పెద్దసారు పట్టుకుపోయారని చెప్పే ధైర్యం ఎవడికుంటుంది?

ఓహో, అందంగా ఉందని తెచ్చారా? ఉండదూ మరి, ఒళ్లంతా చిల్లులాయె! ఆ చిల్లుల్లోనే కదండీ చమురుండేది! మీరూ, మీ అతిథులూ చిల్లులున్నవన్నీ ఏరుకుని జ్ఞాపికలంటూ పంచేసుకున్నారు. ల్యాబుకి మిగిలిందేంటి? గట్టి ముక్కలు. వాళ్లు వాటినే కొలిచారు. ఈ రాయిలో చమురు పట్టదు, కదలదు అని రాసి పారేశారు. రాయక ఏం చేస్తారు?

రేపు భాగస్వాములంతా కూర్చుని తేల్చేస్తారు, ఇంకో బావి తవ్వి చూడాలా, మొత్తం చమురు క్షేత్రాన్నే వదిలేసి పోవాలా అని. తెలుసుగా? మొదటి బావిలో చమురు తగిలిన రోజు కెమెరాల ముందు "మహా క్షేత్రం" అని గొంతు చించుకున్నది మీరేగా!

ఒక్క రాయికి ఇంత రాద్ధాంతమా అంటారా? అవును, ఒక్క రాయికే. మిగతావి ఏ ఊళ్లో ఎవరి బల్ల మీద కాగితాలకి కాపలా కాస్తున్నాయో! నా చేతికందేది ఇదొక్కటే. సాయంత్రంలోపు దీని కొలతలు తీయిస్తే, రేపు వాళ్ల నోళ్లు మూయించొచ్చు. ఇటివ్వండి.

అబ్బో, ఏంటీ మెరుపు?

అక్కా, కాఫీ తర్వాత కలుపుదువుగానీ, ఆ నీళ్ల గ్లాసు ఇలా ఇవ్వు.

చూడండి బావగారూ. ఈ జాతి రాయి మీద నీళ్లు పోస్తే ఎండిన నేల తాగినట్టు తాగాలి. ఇదిగో, పోస్తున్నా. అయ్యో, తివాచీ సంగతి తర్వాత, ముందు రాయిని చూడండి! చుక్కైనా లోపలికి పోయిందా?

వార్నిష్ కొట్టించారా? దుమ్ము పట్టకుండానా? శభాష్! సముద్రం యుగాలపాటు పైన కూర్చుని కూడా పూడ్చలేని చిల్లుల్ని ఒక్క డబ్బాతో పూడ్చేశారు. పెద్దసారంటే మీరేనండీ బాబూ!

వద్దు, సంజాయిషీలు వద్దు. మా అక్క ముందు తలొంచుకుని నిలబడకండి, నాకే అసహ్యంగా ఉంది.

రేపు వాళ్లు ఈ రాయి ఏమీ తాగదంటే నేనేమంటానా? ఏమంటాను, మా బావగారింటికెళ్లి నీళ్లు పోసి మరీ చూశాను, నిజంగానే తాగదంటాను.

తీసుకోండి. గుడ్డ మీద జాగ్రత్తగా పెట్టుకోండి. ఆ క్షేత్రంలో మనకి దక్కింది ఇదొక్కటే.