కొబ్బరికాయ లేచి నిలబడ్డ దీవి

"కాకా, నీళ్ల ట్యాంకర్ ఇంకా రాలే. అందాక నీ దీవి ముచ్చట చెప్పరాదు."

చెప్త తియ్, కూసో బిడ్డా. తొంబైల నాటి మాట. అప్పుడు మస్కట్ల ఈ ఘాలా దిక్కు ఇన్ని గోదాములు యాడియి, కుక్క సుత రాకపోయేది. మా అర్బాబు, అంటే మా కంపెనీ యజమాని, ఆయన తల్లి కొమోరోస్ దీవిల ఉంటుండె, పుట్టిన ఊర్ల. ముసలామెకు ఒక్కటే ఆశ. సచ్చేలోపు తన వాకిట్ల నీళ్లు చూడాలె. అర్బాబు మస్కట్ అంతా గాలించి ఎవల్ని తీస్కపోయిండు? నన్నే. వందమంది మేస్త్రీలు ఉండంగ.

మీద నిప్పులు కక్కే గుట్ట, కింద నల్లరాయి, నడుమ ఆ ఊరు. అరటి, కొబ్బరి, లవంగం చెట్లు, ఎటు చూడు పచ్చగ. ఇంత పచ్చగున్నకాడ నీళ్లు లేకపోవుడేంది అనుకున్న. మా నాయిన కరీంనగర్ దిక్కు సగం బాయిలకు జాగ చూపినోడు. సగం కాదు, ముప్పాతిక. ఆయన లెక్కనే అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని వాకిలంతా తిరిగిన. కింద నీళ్లుంటే కాయ లేస్తది. లేచి నిలబడ్డది, సిపాయి లెక్క. ఊరంతా చూసింది.

పదిమంది తవ్వేది ఒక్కణ్ణే తవ్విన. రాయి, రాయి కింద రాయి. చెమ్మ లేదు. కాయ అబద్ధమాడలే బిడ్డా, ఆ రాయే జల్లెడ. పడ్డ వాన పడ్డట్టు సముద్రంలకు జారిపోతది. ముసలామె కర్ర పట్టుకొని వచ్చి, గుంతల తొంగి చూసి నవ్వింది. ఆమె అన్నది అర్బాబు నాకు హిందీల చెప్పిండు.

"కిందికేం చూస్తవ్ కొడుకా, మా నీళ్లు మీదికెల్లి వస్తయి."

ఆ గుంతకే సిమెంటు పూసిన, అద్దం లెక్క. ఇంటి రేకుల మీది వాన అండ్లకు దిగేటట్టు కాలువ పెట్టి, మీద మూతేసిన. మొదటి చెంబు నీదే అమ్మా అని మాటిచ్చిన. గంగమ్మకు కొట్టాలెనని ఆ కాయ, పీచు తియ్యకుంటనే, దాచి పెట్టిన. వాన రాలే. రోజూ పొద్దుగాల ఆమె వచ్చి మూత తీసి చూసేది. నేనేమో మొగులు దిక్కు చూసేది.

ఒకనాడు పగలే చీకటైంది. వాన దంచి కొట్టింది. ఆమెను పిలుద్దామని గడప కాడికి ఉరికిన. అర్బాబు ఎదురొచ్చిండు.

"అమ్మ పోయింది."

జర సేపటికి ఆడోళ్లు బిందెలు తెచ్చిండ్రు, ఆమెకు ఆఖరి స్నానం పోయనీకి. మొదటి చెంబు నేనే ముంచి ఇచ్చిన. మాట మాటే గదా.

కాయ కొట్టబుద్ధి కాలే. ఆ గుంత పక్కనే పాతిన. ఇప్పుడు ఈ బిల్డింగు కంటె ఎత్తుంటది ఆ చెట్టు, పందెం.

అగో, ట్యాంకర్ హారన్. పో బిడ్డా, నీ బకెట్ నింపుకో. ఊరికి పోయి నీ వాకిట్ల నీళ్లు నువ్వే తాగాలె, మీ అమ్మకు నీ చేతుల మీద తాపాలె... పో, మళ్ల లైన్ పెద్దగైతది.