రెండు బ్రాకెట్లు

తమ కోడుతో నడిచే మెషీను అలారం మోగలేదని ఆసుపత్రి నుంచి ఫోన్ రాగానే పెద్ద ప్రోగ్రామరు కొత్తమ్మాయి పక్కకి కుర్చీ లాక్కున్నాడు.

“ఈ ‘ఇఫ్’ షరతు కింద రెండో లైను నువ్వే చేర్చావా?”

“అవును సార్. మెషీన్ని పరీక్షించేటప్పుడు మాత్రమే అలారం ఆగాలని.”

“రెండు లైన్లనీ కలిపి ఉంచే బ్రాకెట్లు లేవమ్మా. షరతు మొదటి లైనుకే వర్తిస్తుంది. అలారం ఎప్పుడూ ఆగిపోయే ఉంది.”

ఆమె ముఖం పాలిపోయింది. “తొందరలో చూసుకోలేదు. పేషెంటుకి ఎలా ఉంది?”

“ఇంకా స్పృహ రాలేదట.”

“తప్పు నాదేనని రాసిస్తాను సార్.”

“ఒక్క లైనున్నా బ్రాకెట్లు పెట్టాల్సిందేనని మీటింగులో అడిగింది నువ్వే కదా?”

“మీరు దండగన్నారు. అందరూ నవ్వారు.”

అతను తల దించుకున్నాడు. ఆ నవ్వు మొదలుపెట్టింది తనే.

“ముందు ఆ మీటింగు సంగతి రాయి. నా పేరుతో రాయి.”