మామయ్య చేసిన ఇంజను పరీక్ష

ఒక పాత స్పోర్ట్స్ కారును చూసి వచ్చానని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఒక్క వాక్యంతో సరిపెట్టుకున్న రోజు మామయ్య జీవితంలో లేదు. ఆయన చెడ్డవాడు కాడు, ఎవరినీ మోసగించి బాగుపడినవాడూ కాడు. చిన్న సంగతిని చిన్నదిగానే ఇంటికి మోసుకురావడం ఆయనకు నామోషీ, అంతే.

ఆ సాయంత్రం, ఫ్రిజ్జులు బాగుచేసే మేనల్లుడి దుకాణం మెట్ల మీద ఆయన కాళ్ళు బారజాపుకుని కూర్చోగానే, పక్క కొట్టు దర్జీ కుట్టు మిషను ఆపి వచ్చేశాడు. మేనల్లుడి భార్య లోపల బల్ల దగ్గర ఒక ఫ్రిజ్జు తలుపు రబ్బరు తుడుస్తూ చెవి ఇటే వేసింది. మేనల్లుడు మాత్రం కథ కోసం కాదు, ఒకే ఒక్క జవాబు కోసం కాచుకుని ఉన్నాడు.

మర్నాడు పొద్దున అతను తన వ్యాను ఇచ్చేసి, బదులుగా ఆ కారు తీసుకోవాలి. ఫ్రిజ్జులు ఇళ్ళనుంచి తెచ్చేదీ, ఇళ్ళకు చేర్చేదీ ఆ వ్యానే. కారు బాగుంటే, దాన్ని ముస్తాబు చేసి మంచి ధరకు అమ్మి, ఇంతకంటే పెద్ద వ్యాను కొనుక్కోవచ్చు. బాగోకపోతే దుకాణానికి తలుపులే మిగులుతాయి. పైగా ఆ కారు ఇంజను అన్ని ఇంజన్ల లాంటిది కాదు. అందులో పిస్టన్లుండవు. నడుము నొక్కిన గుడ్డు లాంటి గదిలో, పొట్ట ఉబ్బిన త్రికోణం ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది. దాని అంచుల్లో గాలి పోకుండా ఆపే సీళ్ళు అరిగిపోయినా చల్లగా ఉన్నప్పుడు ఇంజను బుద్ధిగానే అందుకుంటుంది. వేడెక్కాక ఆపితే మాత్రం ఇక లేవదు. పని వదిలి కదలలేక మామయ్యను పంపుతూ మేనల్లుడు కోరింది అదొక్కటే: బాగా తిప్పి, ఆపి, కాసేపాగి, మళ్ళీ స్టార్ట్ చేసి చూడమని.

"అసలు నిన్న నేను గేటు తీసేసరికే ఏమైందో తెలుసా?" అని మొదలుపెట్టాడు మామయ్య. "ఆ కారాయన పళ్ళ డాక్టరు కదా, ఎదురొచ్చి, ఇంజను గురించి తమకేమైనా తెలుసా అన్నాడు. బానెట్ ఎత్తించి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి వాసన చూశాను. నూనె మార్చి మూడు నెలలయింది, మార్చిన కుర్రాడికి జలుబు అన్నాను. డాక్టరు కుర్చీ వెతుక్కున్నాడు."

జలుబు సంగతి ఎలా తెలిసిందని దర్జీ అడిగాడు. గరాటు సరిగ్గా పెట్టలేదు, తుమ్మాడన్నమాట, అని మామయ్య నిదానంగా వివరించాడు.

"స్టార్ట్ చేశారా మామయ్యా?"

"చెయ్యకపోతే ఎలారా? తాళం తిప్పానో లేదో అందుకుంది. ఇంజను మీద టీ గ్లాసు పెట్టాను. టీ కదిలిందా? కదల్లేదు. అంత నిలకడ. చూస్తూ చూస్తూ ఉండగానే టీ మీద మీగడ కట్టింది, ఆ మీగడ మీద ఒక ఈగ వాలి, కాసేపు కునుకు తీసి లేచి వెళ్ళింది."

"తర్వాత ఆపి చూశారా?"

"ఈగ పడుకుని ఉంటే ఎలా ఆపుతాన్రా?"

దర్జీ పగలబడి నవ్వాడు. మేనల్లుడికి నవ్వు రాలేదు. డాక్టరు కూడా ఆపొద్దనే అన్నాడట, మీలాంటివారు నడిపితే చూడాలని ఉంది, ఇలాగే పోనివ్వండి అని బతిమాలాడట. ఆ మాట చెబుతున్నప్పుడు మామయ్య మెట్టు మీద నిటారుగా సర్దుకున్నాడు. పొగడ్త ఎక్కడినుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో తరచి చూసుకునే అలవాటు మనలో ఎందరికుంది? ఆయనకు అసలే లేదు.

"ఇక రోడ్డెక్కాం. ఈ ఇంజను సంగతి మీకు తెలీదు, ఎంత తొక్కితే అంత తేలికవుతుంది. స్పీడు చూపించే ముల్లు అంకెలన్నీ దాటి, అవతలి గోడకు కొట్టుకుని, చుట్టూ తిరిగి మళ్ళీ సున్నా దగ్గరికొచ్చి దణ్ణం పెట్టింది. ముందొక లారీ. హారన్ కొట్టాను. లారీని దాటేశాను, దాని ముందున్న బస్సునీ దాటేశాను, మలుపు కూడా దాటాక పక్క సీట్లో డాక్టరు ముఖం తుడుచుకుంటున్నాడు, అప్పుడొచ్చింది వెనకనుంచి నా హారన్, రొప్పుకుంటూ."

"వాన పడిందిగా నిన్న? తడవలేదా?" అన్నాడు దర్జీ.

"పడింది. చినుక్కీ చినుక్కీ మధ్య సందు ఉంటుంది కదా, అందులోంచి పోనిచ్చాను. అద్దం తుడవాల్సిన అవసరమే రాలేదు."

"మామయ్యా," అన్నాడు మేనల్లుడు, ఈసారి లేచి నిలబడి, "ఎక్కడైనా ఇంజను ఆపారా, లేదా?"

"అక్కడికే వస్తున్నాను. పొద్దు కుంకుతోంది. నేనేమో పడమర వైపు పోతున్నాను. కాస్త గట్టిగా తొక్కేసరికి, దిగిపోయిన సూర్యుడు అంగుళం పైకొచ్చాడు. ఇంకాస్త తొక్కాను. జానెడు. రోడ్డు పక్కన గూళ్ళకు చేరిన పిట్టలన్నీ మళ్ళీ బయటికొచ్చాయి. ఆఫీసులు మూసి ఇళ్ళకు పోతున్న గుమస్తాలు, ఇంకా సాయంత్రం కాలేదు కాబోలనుకుని, తిట్టుకుంటూ వెనక్కి తిరిగి కుర్చీల్లో కూర్చున్నారు. ఒక పెద్దాయన మధ్యాహ్నం భోజనం రెండోసారి చేశాడు. అలాంటప్పుడు నేను ఇంజను ఆపితే, ఊరంతా ఒక్కసారిగా చీకట్లో పడదూ? ఆ పాపం ఎవరిది?"

దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. మేనల్లుడు మళ్ళీ మెట్టు మీద కూలబడ్డాడు. గట్టిగా అడిగితే మామయ్య అలుగుతాడు. అలిగితే ఇక ఉన్నదీ చెప్పడు, లేనిదీ చెప్పడు. పొద్దున్నే డాక్టరు వ్యాను కోసం వచ్చేస్తాడు.

అప్పుడు అతని భార్య తుడిచే గుడ్డ పక్కన పడేసి గుమ్మంలోకి వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, ఎగతాళీ లేదు. గౌరవమే ఉంది.

"బాబాయ్, అది స్పోర్ట్స్ కారు కదా, నేలబారుగా, తేలిగ్గా ఉంటుందంటారు. ఎప్పుడైనా తోయాల్సి వస్తే నలుగురైనా కావాలేమో?"

మామయ్య ఆమె వంక జాలిగా చూశాడు.

"నలుగురెందుకమ్మా? నేనొక్కణ్ణే తోశాను."

"ఒక్కరే? చదును మీదేనా?"

"చదునేమిటి, వంతెన మిట్ట మీదికి. డాక్టరు స్టీరింగు పట్టుకుని లోపల కూర్చున్నాడు, ఆయన బరువు వేరే. పైగా బానెట్ మీద చెయ్యి పెడితే చర్మం ఊడొచ్చేంత సెగ. పెట్రోలు బంకు దగ్గరినుంచి వంతెన పైదాకా ఒక్క బిగిన తోసి, అవతల పల్లంలోకి వదిలాను. అప్పుడు గానీ అందుకోలేదు మరి."

ఎవరూ నవ్వలేదు. దర్జీ మేనల్లుడి వైపు తిరిగాడు.

"బంకులో ఇంజను ఆపమన్నారా బాబాయ్?" అంది ఆమె మెల్లగా.

మామయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోటిలోకి ఎన్నో జవాబులు వచ్చి ఉంటాయి, ఒక్కొక్కటీ ముందుదాని కంటే పెద్దది. ఒక్కటీ బయటికి రాలేదు. మేనల్లుడు ఫోను తీసి దుకాణం వెనక్కి నడిచాడు. రేపు రానక్కర్లేదండీ, వ్యాను ఇవ్వడం లేదు, అన్న మాటలు అక్కడినుంచి వినిపించాయి. తర్వాత అవతలివాడు చాలాసేపు మాట్లాడినట్టున్నాడు. ఇతను మాత్రం మళ్ళీ మళ్ళీ, లేదండీ, అంటూ ఉన్నాడు.

ఫోను పెట్టేసి వచ్చి, బాగుచేసిన ఫ్రిజ్జునొకదాన్ని గుమ్మం దాకా జరిపాడు. పొద్దున్నే ఇచ్చి రావాలట. వ్యాను వెనక తలుపు తీసి, మెట్ల వైపు చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం కంటే అలసటే ఎక్కువ.

"మామయ్యా, ఒక చెయ్యి వెయ్యండి."

మామయ్య మెట్టు మీద రెండు అరచేతులూ ఆన్చి, సగం లేచి, అక్కడే ఆగిపోయి, మూలిగాడు.

"నావల్ల కాదురా. నిన్నటినుంచీ నడుం పట్టేసింది," అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన మాటను ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యకుండా నమ్మింది అదొక్కసారే. దర్జీ లేచి వెళ్ళి ఫ్రిజ్జుకు రెండో వైపు పట్టుకున్నాడు.