కింది గదిలో గంట

బైండరు మావయ్య టీ గ్లాసు పట్టుకున్నాడంటే చుట్టుపక్కల వాళ్లు పని ఆపుకోవాల్సిందే. టీ కొట్టుకి ఎదురుగా ఉన్న ప్రెస్సులో ఇరవై ఆరేళ్లుగా పుస్తకాలు కుడుతున్నాడు. కోతలు మాత్రం మాటలు వచ్చినప్పటి నుంచీ కోస్తున్నాడు. కానీ ఆ రోజు ఆయన ఉద్యోగానికే గండం వచ్చింది. డిజైన్లు మేడ మీద, బైండింగు కింద. ప్రూఫు తయారైందో లేదో చూడటానికి రోజుకు ఇరవై సార్లు ముప్పై రెండు మెట్లు ఎక్కాలి, మోకాలేమో ఇక నావల్ల కాదంటోంది. "ఎక్కలేకపోతే చెప్పు, ఇంకో మనిషిని చూసుకుంటా" అనేశాడు ఓనరు. అందుకే మేడ మీద డిజైన్లు చేసే మేనకోడలి దగ్గర మూడు నెలలు పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. పై కంప్యూటరులో మీట నొక్కితే కింది కంప్యూటరులో గంట మోగాలి. నాలుగింటికి ఓనరు వచ్చి చూస్తాడు. ఇప్పుడు మూడున్నర.

"ఏముందోయ్, రెండు ప్రోగ్రాములు రాశా" అని తేలిగ్గా మొదలుపెట్టాడు. "ఒకటి చెవి ఒగ్గి కూర్చుంటుంది, ఇంకోటి కబురు పంపుతుంది. 'బాగున్నావా' అని కొట్టానా, అవతలి నుంచి 'బాగున్నాను' అని జవాబు!"

"గొప్పే" అన్నాడు టీ కొట్టాయన. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

"గొప్పా! ఆ వేగం చూడవయ్యా. వేలు మీట మీద పడకముందే జవాబు వచ్చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెర మీద 'చిరంజీవ' అని పడింది. ఇదేమిట్రా అనుకునేలోపు నాకు తుమ్ము వచ్చింది!"

పక్క కొట్టు దర్జీ కత్తెర కింద పెట్టాడు. "మా చెవుల్లో పువ్వులు కనిపిస్తున్నాయా మావయ్యా?"

"నీ గుడ్డ నువ్వు కోసుకో. ఆ కబురు ఆగితేగా! వీధి దాటింది, ఊరు దాటింది, నడిసముద్రంలో ఓడకి తగిలింది. కెప్టెను ఓడ ఆపేసి, 'బాగున్నావా అని మా ఇంట్లోవాళ్లే అడగరండీ' అని భోరుమన్నాడు. అక్కడి నుంచి ఉపగ్రహానికి ఎక్కింది. 'బాబాయ్, కాస్త మెల్లిగా, కళ్లు తిరుగుతున్నాయి' అంది ఉపగ్రహం. రోజంతా గుండ్రంగా తిరిగితే తిరగవూ మరి, అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చంద్రుడి మీద ఉన్న కంప్యూటరు పెట్టెలన్నీ వరసలో నిలబడి నన్ను గురువుగారూ అన్నాయి!"

"మరి నీ గురువెవరు?" అడిగాడు దర్జీ.

"గురువూ లేదు, పాడూ లేదు. పుట్టుకతో వచ్చిందంతే."

టీ కోసం వచ్చి వెనకాలే నిలబడ్డ మేనకోడలు ఆ మాటకు నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది. "మావయ్యా, ఆ కబురు ఏ నంబరుకి పంపావు?"

"నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి. మొదటి పాఠంలో ఉన్నదే."

"రెండు ప్రోగ్రాములూ ఎక్కడ నడిపావు?"

"పైనే. పక్కపక్కనే."

"అయ్యో మావయ్యా! ఆ నంబరంటే ఏ కంప్యూటరుకైనా సొంత ఇల్లు. నీ కబురు ఓడకీ వెళ్లలేదు, చంద్రుడికీ వెళ్లలేదు. అసలు మెట్లే దిగలేదు. కంప్యూటరు తన తలుపు తనే తట్టుకుని, తనకి తనే బాగున్నానని చెప్పుకుంది. నువ్వు ఇంట గెలిచావు, ఇంకా రచ్చ గెలవలేదు."

దర్జీ పడీపడీ నవ్వాడు. మావయ్య మాత్రం టీ గ్లాసు కింద పెట్టేశాడు. "అయితే నాలుగింటికి గంట మోగదా?"

"మోగుతుంది. మేడ మీదే."

"ఇప్పుడెలా తల్లీ? పావుగంట కూడా లేదే!"

"వినే ప్రోగ్రాముని కింది కంప్యూటరులో పెట్టు. రెండింట్లోనూ ఆ నంబరు తీసేసి, కింది కంప్యూటరు నంబరు రాయి. నేను రాను. నీకు వచ్చు, వెళ్లు."

ఆయన కుంటుకుంటూ పరిగెత్తాడు. ఓనరు స్కూటరు దిగి, మీట నొక్కి చూడటానికి మేడెక్కాడు. టీ కొట్టు దగ్గర మేనకోడలి చేతిలో టీ చల్లారిపోయింది. అంతలో ప్రెస్సు కింది గదిలోంచి గంట ఖణేలుమంది. దర్జీ గట్టిగా చప్పట్లు కొట్టాడు.

కాసేపటికి మావయ్య తిరిగి వచ్చాడు. ఇక చూస్కో, కోతలే కోతలు అనుకున్నారంతా. ఆయన నేరుగా మేనకోడలి దగ్గరకు వెళ్లాడు.

"రేపట్నుంచి మెట్లెక్కొద్దన్నాడమ్మా. నువ్వు అడక్కపోతే నా పని పోయేది. ఒకే తప్పు నలభైసార్లు చేశాను, నువ్వు ఒక్కసారైనా విసుక్కోలేదు. నీ మేలు ఈ జన్మలో మరిచిపోను." కళ్లు తుడుచుకుని దర్జీ వైపు తిరిగాడు. "నా మేనకోడలంటే ఏమనుకున్నావోయ్! పుట్టగానే అందరిలా ఏడవలేదు. కళ్లు తెరిచి, ఆస్పత్రిలో కనెక్షను సరిగ్గా ఉందా అని నర్సుని అడిగింది!"

దర్జీ నోరు తెరవబోతే టీ కొట్టాయన మోచేత్తో పొడిచాడు.

"ఏడ్చాను మావయ్యా" అంది మేనకోడలు. "తెల్లవార్లూ ఏడుస్తుంటే ఎత్తుకుని తిప్పింది నువ్వేనట. అమ్మ చెప్పింది."

ఆ మాట మీద కొయ్యడానికి మావయ్య దగ్గర ఒక్క కోతా లేకపోయింది.