టిచ్ బటన్ల కోటు

తల్లి కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. కెమికల్ ఇంజనీరింగ్ చదివే కూతురు అల్మారా అంతా వెతికి వచ్చింది.

"అమ్మా, నా ఫారం దాచేశావు కదూ? ఐదింటిలోగా నీ సంతకంతో పంపకపోతే వేసవి పరిశోధనకి వచ్చిన సీటు పోతుంది."

"ఆ ల్యాబులో మంటలూ, యాసిడ్లూ ఉంటాయటగా?"

"రెండు నెలలేనే. పక్కనే మేడమ్ ఉంటారు."

"మేడమ్ అటు తిరిగినప్పుడో?"

"నీ భయాలకి అంతులేదే తల్లీ!"

"లేదు. ముందు ఇది తొడుక్కో."

"తెల్లకోటా! ఎప్పుడు కుట్టావు?"

"నువ్వు సెలెక్టయినప్పట్నుంచీ. గుండీలు కాదు, టిచ్ బటన్లు వేశాను. నిప్పంటుకుంటే ఒక్కసారి లాగితే ఊడొస్తుంది. ఏదీ, లాగు!"

"ఊడింది."

"మళ్ళీ. ఈసారి కంగారుపడుతూ లాగు."

"అమ్మా, సంతకం..."

"ఎప్పుడో పెట్టాను. కోటు లేకుండా పంపలేక ఆపాను. జేబులో చూడు."