మగ్గం పక్కన చదువు

మార్కండయ్యని ఒకాయన, నేతగాడు. పొద్దస్తమానం గుంట మగ్గంలోనే. అక్షరమ్ముక్క రాదు. ఒక్కతే కూతురు, భద్ర, అయిదో తరగతి. ఈసారి పరీక్ష తప్పిందంటే బడి మాన్పించి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెడతానంది వాళ్ళమ్మ నాంచారమ్మ. ఆవిడ తప్పేం కాదులెండి, ఇంట్లో జరుగుబాటు అట్టాంటిది. ఈయనేమో, పిల్ల చదువు నేను చూసుకుంటానే అన్నాడంట. నీకేం వచ్చని చూస్తావు? అంది ఆవిడ. పక్కన కూర్చోబెట్టుకుని వింటానే, అన్నాడంట.

సరే, రోజూ సాయంత్రం పిల్ల మగ్గం పక్కన కూర్చుని పైకి చదువుద్ది, ఈయన నేస్తా వింటాడు. పిల్ల ఎక్కడన్నా ఆగిందా, తనూ మగ్గం ఆపేస్తాడు. పోగు తెగితే అతికేదాకా నేతగాడు ముందుకి పోడు గదా, చదువూ అంతే అనుకున్నాడు. ఏమైందంటే, మగ్గం ఆగినప్పుడల్లా లోపల్నుంచి నాంచారమ్మ సణుగుడు. పిల్ల చూసింది. నావల్ల నాన్న పని ఆగిపోతందే అని, రాని మాటొచ్చిన చోటల్లా నోటికొచ్చింది కలిపేసి గడగడా చదవడం మొదలెట్టిందంట. తండ్రి మీద ప్రేమేనమ్మా అది, పాపం. ఈయన మురిసిపోయాడు. మా అమ్మాయి చదువులో ఒక్క పోగూ తెగట్లేదని వీధంతా చెప్పుకున్నాడు.

పరీక్షలింకో నెల ఉన్నాయనగా పంతులుగారు ఇంటికొచ్చారు. మీ అమ్మాయి పుస్తకంలో లేనిదంతా చదువుతోందయ్యా, ఇట్టాగైతే తప్పుద్ది, అన్నారు. పిల్ల ఏడుపు. నువ్వు నేత ఆపుతున్నావని నాన్నా, అంది. మార్కండయ్య గుంటలోంచి కాళ్ళు పైకి తీసి పిల్లకి ఎదురుగా కూర్చున్నాడు. చదవొద్దమ్మా, చదివిందేందో నాకు చెప్పు, నాకు అర్థమయ్యేదాకా చెప్పు, అన్నాడు. ఆ నెలంతా సాయంత్రాలు నేత లేదు. ఇంట్లో గంజే అనుకోండి. ఆయనా, ఒకటికి నాలుగుసార్లు చెప్తేగానీ ఎక్కని మనిషి. వాన ఎట్టా పడుద్దో పిల్ల చెప్తే, మరి పైకెళ్ళే ఆవిరి మనకి కనపడదేందే అంటాడు. పిల్ల తెల్లారి పంతులుగారిని అడిగొచ్చి మళ్ళీ చెప్పుద్ది. పొయ్యి కాడ కూర్చున్న నాంచారమ్మకి ఆయనకన్నా ముందే అర్థమయ్యేదంట.

భద్ర పాసైంది, మంచి మార్కులతో. చీరలు ఆలస్యమైనాయని అరవడానికొచ్చిన, నూలిచ్చి నేయించే షావుకారు ఆ మాటొదిలేసి, మావాడికి ఇద్దరు మాస్టర్లని పెట్టినా తప్పాడు, నువ్వేం చేశావయ్యా అనడిగాడంట. ఏం లేదండీ, సాయంత్రాలు పిల్ల దగ్గర కూర్చున్నా, అన్నాడు మార్కండయ్య. నాకంత తీరికెక్కడిదయ్యా, అన్నాడంట షావుకారు. చూశారా, నేసేవాడికి దొరికిన తీరిక నేయించేవాడికి దొరకలేదు. నవ్వుతారేం? మీ పిల్లలు ఈపాటికి ఇంటికాడ ఏం చదువుతున్నారో, లేచి పోండిక.